స్వప్న బ్రాంచి మారింది

ఆ మంగళవారం పొద్దున ధర్మవరం స్టేషన్లో హిందూపురం వైపు పోయే ప్యాసింజరెక్కిన జయరాముడికి సీటు దొరికింది గానీ కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో మగ్గం మీద పెళ్ళిచీర సగంలో ఉంది. శుక్రవారానికల్లా కావాలని షావుకారు రెండుసార్లు మనిషిని పంపాడు. అయినా దాన్ని అట్లాగే వదిలేసి రావాల్సి వచ్చింది. ముందురోజు సాయంత్రం కూతురు స్వప్న ఫోన్ చేసి, "నాయనా, రేపొకసారి కాలేజీకి రా. ఫోన్లో చెప్పేది కాదు. అమ్మకు చెప్పొద్దు," అని పెట్టేసింది మరి.

హాస్టల్లో ఉండే ఆడపిల్ల అట్లా అంటే తండ్రి మనసు ఎన్ని చోట్లకు పోగలదో అన్ని చోట్లకూ పోయింది. ఎవరినైనా ఇష్టపడిందా? జబ్బేమైనా చేసిందా? ఎవడైనా ఏడిపిస్తున్నాడా? భార్య రామక్కతో మాత్రం, "ఏదో ఫీజు కాగితం మీద సంతకం పెట్టాలంట," అని చెప్పి బయటపడ్డాడు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయినా రామక్కతో అబద్ధం ఆడడం అతనికి అలవాటు లేదు. పెనుకొండ దాటేదాకా అదొక పక్క గుచ్చుతూనే ఉంది.

స్వప్న హిందూపురం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సులో చేరి ఏడాదయింది. వాళ్ళ నేతగాళ్ళ వీధిలో కంప్యూటర్ సీటు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. సీటొచ్చిన రోజు జయరాముడు కిలో మైసూర్‌పాకు తెచ్చి ఇంటింటికీ పంచాడు. ఇక రామక్క అయితే, ఎవరు పలకరించినా రెండో మాటలోనే "మా పాప కంప్యూటర్ ఇంజనీరు" అని తెచ్చేసేది.

కాలేజీ గేటు దగ్గర స్వప్న ఎదురొచ్చింది. సెలవులకు ఇంటికొచ్చి వెళ్ళి నెల కూడా కాలేదు, అప్పటికీ ఇప్పటికీ ఇంకా చిక్కింది. క్యాంటీన్ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"ఏమైనాది పాపా? ముందు అది చెప్పు," అన్నాడు జయరాముడు.

"ఫెయిలైనా నాయనా. రెండు సబ్జెక్టులు పోయినాయి. మిగతావి కూడా అంతంత మాత్రమే."

"ఇంకా?"

"ఇంకేముంది? అంతే."

జయరాముడికి ఒక్కసారిగా ఊపిరొచ్చింది. రైల్లో తను ఊహించుకున్నవన్నీ గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. "ఓస్, ఇంతేనా! మళ్ళీ రాస్తే పాసవుతావు గదా, దానికెందుకింత?" అన్నాడు. ఆ నవ్వు చూసి స్వప్న ఏడ్చేసింది.

"రాస్తే పాసవుతానేమో నాయనా. కానీ రెండో ఏడాదీ, మూడో ఏడాదీ, తర్వాత ఉద్యోగమూ అంతా అదే గదా. నా రూములో ఉండే వైష్ణవి పది నిమిషాల్లో రాసే ప్రోగ్రామును నేను రెండు గంటలు కూర్చున్నా రాయలేను. దానిది చూసి రాస్తే పనిచేస్తాది, ఎందుకు పనిచేసిందో నాకు తెలీదు. ల్యాబు ఉండే రోజు పొద్దున్నుంచే అన్నం సయించదు. నేను మెకానికల్‌కు మారతా."

"మెకానికలా? అంటే… మోటార్లూ అవీనా?"

స్వప్న బ్యాగులోంచి గుడ్డలో చుట్టిన ఇనుప ముక్కలు రెండు తీసింది. ఒకదాంట్లో నలుచదరంగా గాడి ఉంది. రెండోది ఆ గాడిలో కూర్చునేట్టు కోసి ఉంది. మొదటి ఏడాది పిల్లలందరికీ వర్క్‌షాపులో ఇనుమును అరగదీసే ఆకురాయితో ఇట్లాంటివి చేయిస్తారట.

"ఇది నేను చేసింది. వెలుతురుకు పెట్టి చూడు నాయనా."

జయరాముడు రెండు ముక్కలనూ కలిపి ఎండకెత్తి చూశాడు. ఎక్కడా సందులేదు. వెలుతురు గీతంత కూడా రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పట్టుపోగులతో బతికినవాడు అతను. చేత్తో చేసిన పని ఏది బాగుందో ఏది బాగాలేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంత నున్నగా రావాలంటే ఎంతసేపు పట్టిందమ్మా?"

"తెలీదు నాయనా. ఆడ ఉంటే టైం తెలీదు. సారు వచ్చి షాపు మూసేస్తాం పొమ్మంటే వచ్చినా."

మెకానికల్ శాఖ పెద్ద ప్రేమ్ కుమార్ సారు గదిలో ఇంకో అరగంట కూర్చున్నారు. యాభై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడతాడు.

"మా దగ్గర సీట్లు ఖాళీగానే ఉండాయండీ. అందరూ కంప్యూటర్లోకి పోవాలని నా కాళ్ళ మీద పడతారు. అందులోంచి ఇట్లా రావాలని అడిగింది నా సర్వీసులో ఈ పాపే మొదలు. ప్రిన్సిపాలు గారు యూనివర్సిటీకి రాశారు, ఒప్పుకున్నారు. మీ సంతకం ఒక్కటే తక్కువ."

"ఫీజు సార్? గవర్నమెంటు కట్టేది…"

"కాలేజీ అదే గాబట్టి దానికేం ఇబ్బంది లేదు. ఇబ్బంది ఉండేది వేరే చోట. మిమ్మల్ని మోసం చేయకూడదు, అందుకే చెప్తున్నా. మారిన వెంటనే మార్కులు ఇంకా తగ్గుతాయి. మావాళ్ళు ఇప్పటికే చదివేసిన రెండు పేపర్లు ఈ పాప అదనంగా రాయాల. పాత ఫెయిళ్ళు కూడా తీర్చుకోవాల. ఇంకొకటి, మొదటి ఉద్యోగంలో కంప్యూటర్ వాళ్ళకు వచ్చే జీతం మావాళ్ళకు రాదు. కొన్నేళ్ళు పోతే ఏమవుతుందో చెప్పలేను గానీ మొదట్లో మాత్రం తక్కువే."

"మరెందుకు సార్ మారేది?" జయరాముడు నిజంగానే అర్థంకాక అడిగాడు.

"ఆ జీతం కంప్యూటర్ పని వచ్చినవాళ్ళకి ఇస్తారు జయరాముడు గారూ. కంప్యూటర్ క్లాసులో పేరున్న వాళ్ళందరికీ ఇవ్వరు."

జయరాముడు కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని కాగితం వైపు చూస్తోంది. పెన్ను అడిగి తీసుకుని, పేరులో ఒక్కో అక్షరం ఒత్తి రాశాడు. తలెత్తేసరికి స్వప్న మొహంలో ఏడాదిగా అతను చూడని తేలిక కనిపించింది. మధ్యాహ్నం క్యాంటీన్లో రెండు చపాతీలు తిని, మూడోది కూడా తెచ్చుకుంది.

అమ్మకు తనే చెప్తానని స్వప్నకు మాటిచ్చి, ఇంటికెళ్ళగానే రామక్కతో చెప్పేయాలనే అనుకున్నాడు. వాకిలి దగ్గరికొచ్చేసరికి ఆమె పక్కింటామెతో, "పాప చదువయిపోతే బెంగుళూరేనమ్మా, కంప్యూటరోళ్ళకు ఆడే గదా," అంటోంది. సరే, రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు చీర తొందర. ఎల్లుండి రామక్క తమ్ముడి ఇంట్లో నామకరణం. అట్లా ఒక రోజు, ఒక వారం, ఒక నెల జరిగిపోయి, ఇక ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటుంది గదా అనే భయం పట్టుకుంది. స్వప్న కూడా, "నువ్వు చెప్తానంటివి గదా నాయనా," అని రెండుసార్లు అడిగి ఊరుకుంది.

ప్రేమ్ కుమార్ సారు చెప్పినట్టే అయింది. మూడో సెమిస్టర్ ఫలితాలొచ్చిన రోజు స్వప్న ఫోన్ చేసింది. గ్రేడు పాయింట్లు పదికి ఐదు కూడా రాలేదు. కంప్యూటర్లో ఉన్నప్పటికంటే తక్కువ. ఇంకో పేపరు పోయింది.

జయరాముడికి చక్కగా ఉన్న సీటును తన చేతులారా చెడగొట్టాననిపించింది. ఆ రోజు నేతలో అంచు మీది నెమళ్ళ వరస ఒకటి తప్పింది. జానెడు నేశాక గానీ చూసుకోలేదు. పోగు పోగూ విప్పుకుంటూ పూటంతా కూర్చున్నాడు. రామక్క వచ్చి చూసి, "నీకేమైనాది, కొత్తగా నేర్చుకునేవాడి మాదిరి?" అంది. కళ్ళద్దాలు మార్చాలేమో అన్నాడు.

సాయంత్రం రామక్కకు వినపడకుండా వీధి చివరి చింతచెట్టు దాకా నడిచివెళ్ళి స్వప్నకు ఫోన్ చేశాడు.

"పాపా, నేను సారుతో మాట్లాడేదా? మళ్ళీ వెనక్కి పోవచ్చునేమో కనుక్కుంటా."

"వద్దు నాయనా! నువ్వు అట్లాంటి పని చేయొద్దు."

"మార్కులు ఇంకా తగ్గిపోయినాయి గదమ్మా."

"తగ్గినాయి. కానీ అప్పుడు అర్థం కాక ఫెయిలైనా. ఇప్పుడు టైం చాలక ఫెయిలైనా. రెండూ ఒకటి కాదు నాయనా. ఆ పేపర్లో నేను రాసిన మూడు ప్రశ్నలకీ పూర్తి మార్కులు వచ్చినాయి. మిగతావి చదవనేలేదు, ఎక్స్‌ట్రా పేపర్లతోనే సరిపోయింది. ఇంకొక్క సెమిస్టర్ చూడు."

గొంతులో బెదురు లేదు. జయరాముడు దాన్నే పట్టుకుని ఐదు నెలలు గడిపాడు.

నాలుగో సెమిస్టర్లో ఆరున్నర దాటింది. ఐదో సెమిస్టర్లో ఏడున్నర. అదనపు పేపర్లూ, పాత ఫెయిళ్ళూ అన్నీ తీరిపోయాయి. యంత్రాల బొమ్మలు గీసే డ్రాయింగ్ పేపర్లో క్లాసులో రెండో మార్కు స్వప్నదే. ఆ కబురు విన్న రోజు జయరాముడు మగ్గం దిగి, చొక్కా వేసుకుని, బజారుకు పోయి అరకిలో జిలేబీ తెచ్చాడు.

"ఏమి విశేషం?" అంది రామక్క.

"ఏముంది, తినాలనిపించింది."

అంత సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోలేక జిలేబీతో పాటు మింగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది అతనికి.

స్వప్న నాలుగో ఏడాదిలోకొచ్చింది. ఒక ఆదివారం జయరాముడు మగ్గం మీద ఉండగా ఎదురింటి ధనుంజయ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాళ్ళబ్బాయి రవితేజ బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. రామక్క టీ తెచ్చిచ్చింది.

"ఏమప్పా జయరాముడూ, మావాడి కంపెనీలో కొత్తోళ్ళను తీసుకుంటాండారంట. మీ పాప కంప్యూటరే గదా, వివరాలన్నీ పంపమను. మావాడు ఆడ చెప్తాడు," అన్నాడు ధనుంజయ.

రామక్క మొహం వెలిగిపోయింది. "చూసినావా, అడక్కుండానే వచ్చినాది! ఇప్పుడే చేసి చెప్తా పాపకు," అంటూ ఫోన్ కోసం లోపలికి తిరిగింది.

మగ్గం గుంతలో తొక్కుడు పలకల మీద జయరాముడి కాళ్ళు ఆగిపోయాయి.

"పాప కంప్యూటర్ కాదు," అన్నాడు.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"మెకానికల్. రెండో ఏడాదిలోనే మారింది. నేనే పోయి సంతకం పెట్టి వచ్చినా."

ధనుంజయ గ్లాసు కింద పెట్టాడు. "కంప్యూటర్ ఇడిసిపెట్టి మెకానికలా? మెకానికల్లో ఆడపిల్లకు ఉద్యోగం ఎవురిస్తారప్పా? నన్నొక మాట అడిగింటే చెప్పేవాణ్ణి గదా," అని కాసేపు తల ఊపి, మిగిలిన టీ తాగి వెళ్ళిపోయాడు. చెడ్డ మనిషి కాదు. నిజంగానే బాధపడి వెళ్ళాడు.

రామక్క తలుపు దగ్గరకేసింది.

"రెండేళ్ళు దాటిపాయె," అంది. "బజార్లో, పెళ్ళిళ్ళలో, ఆఖరికి ఆస్పత్రిలో సూది వేసే ఆమెతో కూడా చెప్పుకున్నా గదయ్యా, మా పాప కంప్యూటరని. నువ్వు పక్కనే నిలబడి తల ఊపినావే!"

ఆ తిట్లు పడుతుంటే వీపు మీద మోస్తున్న మూట ఎవరో దింపుతున్నట్టుంది జయరాముడికి. ఇంకా తిట్టినా బాగుండనిపించింది. రామక్క తిట్టడం ఆపి స్వప్నకు ఫోన్ కలిపింది.

"పాపా, నువ్వు మెకానికల్ అంట గదా."

అటువైపు నుంచి చిన్నగా, "అమ్మా…" అని వినపడింది.

"మొదటి ఏడాది వెంట్రుకలు ఊడతాండాయంటివి. అన్నం సయించదంటివి. రెండో ఏడాది నుంచి బాగైతివి. నేను పంపిన రాగి మాల్టు పొడి పనిచేసిందనుకుంటి గదే! వీధిలో అందరికీ చెప్పినా. నలుగురు నా దగ్గర కొలత అడిగి మరీ మర పట్టించుకున్నారు ఆ పొడి."

స్వప్న ఏడుస్తోందో నవ్వుతోందో మొదట తెలియలేదు. నవ్వుతోంది.

"అంటే బాగైంది పొడి వల్ల కాదన్నమాట," అంది రామక్క.

"పొడి కూడా బాగుంటాది మా. అయిపోయింది, ఇంకొంచెం పంపు."

"పంపుతాలే. ఇప్పుడు మార్కులెట్ల వస్తాండాయి?"

జయరాముడు మగ్గంలోంచే, "ఎనిమిదికి దగ్గర," అన్నాడు. నెలల తరబడి ఎవరికైనా చెప్పాలని చూస్తున్న అంకె అది.

రామక్క అతనితో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పళ్ళెంలో సంగటి పెడుతూ, "నాకు చెప్పింటే నేను వద్దనేదాన్ని. అది తెలిసే చెప్పలేదు నువ్వు. అయినా చెప్పాల్సింది," అంది. అవునని ఒప్పుకున్నాడు. అంతటితో అది తెగిపోయింది.

ఉద్యోగాలిచ్చే కంపెనీలు కాలేజీకి రావడం మొదలయ్యాక మాత్రం ధనుంజయ అన్న మాట జయరాముడికి రోజూ గుర్తొచ్చేది. కంప్యూటర్ పిల్లల కోసం కంపెనీలు వరసగా వచ్చాయి. వైష్ణవికి మొదటి నెలలోనే బెంగుళూరులో ఉద్యోగం, నెలకు ముప్ఫై ఐదు వేలు. మెకానికల్ వాళ్ళ కోసం వచ్చినవి మూడే. మొదటి కంపెనీ వాళ్ళు పరీక్షలో స్వప్నను పాస్ చేసి, తీరా ఇంటర్వ్యూలో షిఫ్టులుంటాయి, మగపిల్లలైతేనే తీసుకుంటామన్నారు. రెండో కంపెనీ ఎవరినీ తీసుకోకుండా పోయింది.

మూడోది పెనుకొండ దగ్గర కార్ల సామాన్లు తయారుచేసే కంపెనీ. ఆ సాయంత్రం స్వప్న ఫోన్ చేసినప్పుడు జయరాముడు కళ్ళు మూసుకుని విన్నాడు. రామక్క కూడా ఫోనుకు చెవి ఆనించింది.

"ఇంటర్వ్యూలో మేడమ్ నా మార్కుల కాగితం చూసి, మూడో సెమిస్టర్లో ఏంది ఇట్లా పడిపోయినాయి అనడిగింది నాయనా. ఉన్నదున్నట్టు చెప్పేసినా. కంప్యూటర్ నుంచి మారినాను, రెండు చోట్ల పేపర్లు ఒకేసారి రాసినానని. అందరూ అటు పోతాంటే నువ్వు ఇటెందుకు వచ్చినావు అంది. నాకు చేత్తో కొలిచేది, సరిపోయిందో లేదో చూసేది ఇష్టం మేడమ్ అన్నా. అప్పుడు ఒక ఇనుప బిళ్ళ ఇచ్చి, దీంట్లో తప్పేముందో కనుక్కో అన్నారు."

"కనుక్కున్నావా?" అంది రామక్క.

"రంధ్రం పక్కకు పోయింది మా. కొలిచి చూపించినా. తీసుకున్నారు నన్ను. తయారైన సామాను కొలిచి చూసే విభాగంలో. ఏడాది ట్రైనింగు, నెలకు పద్దెనిమిది వేలు."

వైష్ణవికి వచ్చేదాంట్లో సగమని జయరాముడి మనసు లెక్క వేసింది. వేసిన వెంటనే సిగ్గుపడింది కూడా. రామక్క అప్పటికే చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "పెనుకొండ అంటే గంట దూరం. ఆదివారం ఆదివారం వస్తాది," అంటోంది తనలో తను.

ట్రైనింగు ఏడాదీ గడిచిపోయింది. స్వప్న ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో పెనుకొండలో గది తీసుకుంది. ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చిన వారం, జయరాముడు హిందూపురంలో పట్టు కొనుక్కుని తిరిగొస్తూ పెనుకొండలో దిగాడు. సాయంత్రం షిఫ్టుకు వెళ్ళబోతూ స్వప్న బస్టాండు దగ్గరికొచ్చింది. బరువైన బూట్లు, నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. మిరపకాయ బజ్జీలు తీసుకుని రోడ్డు పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"పోయిన నెల ఒక గొడవైంది నాయనా," అని మొదలుపెట్టింది స్వప్న. "నాలుగు వందల బ్రాకెట్లు బండికెక్కించడానికి సిద్ధంగా ఉండాయి. నేను కొలిస్తే వెంట్రుకవాసి తేడా వస్తాంది. ఆపేసినా. సూపర్‌వైజరు మండిపడినాడు, నిన్నగాక మొన్న వచ్చిన దానివి, నీకేం తెలుసని. పెద్ద మిషన్లో పెట్టి చూస్తే తేడా నిజమే. కత్తిరించే పరికరం అరిగిపోయిందంట. మర్నాడు ఆ సూపర్‌వైజరే వచ్చి టీ ఇప్పించినాడు."

"నీకు భయం కాలేదా?"

"అయింది. కానీ కొలత సరిగ్గా ఉందని తెలుసు గదా."

జయరాముడు బజ్జీ సగం తిని ఆగాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"జీతం ఎంత చేసినారు పాపా?"

"ఇరవై నాలుగు."

"వైష్ణవికి?"

"దానికి నలభై దాటింది నాయనా. దానికి ఆ పని బాగా వచ్చు. ఇష్టంగా చేస్తాంది." తండ్రి మొహంలోకి చూసింది. "నీకు బాధగా ఉందా? సంతకం పెట్టకుండా ఉండాల్సిందనిపిస్తాందా?"

జయరాముడు తన మనసులో నిజాయితీగా వెతుక్కున్నాడు. మూడో సెమిస్టర్ నాటి ఆ భయం కోసం, ధనుంజయ మాటకు కలిగిన నొప్పి కోసం వెతికాడు. ఒకటీ దొరకలేదు. ఎదురుగా కూతురు పచ్చిమిరపకాయ కారానికి ముక్కు ఎగబీలుస్తూ ఇంకో బజ్జీకి చెయ్యి చాపుతోంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"లేదమ్మా," అన్నాడు. "నువ్వు కంప్యూటర్లోనే ఉండింటే నలభై వచ్చేదేమో, అసలు చదువే ఆగిపోయేదేమో, నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం నాకు బాధ లేదు."

కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. స్వప్న చేతులు తుడుచుకుని లేచి, "ఆదివారం వస్తా, అమ్మను పప్పు పులుసు చేయమను," అంటూ పరుగెత్తింది. బస్సు మెట్టెక్కుతుంటే లోపలి ఆడపిల్లలు ఆమె పేరు పెట్టి పిలిచి ఏదో అన్నారు. అందరూ నవ్వారు. బస్సు కదిలి కొండ మలుపు తిరిగేదాకా నిలబడి, జయరాముడు పట్టు సంచి భుజానికి తగిలించుకున్నాడు. పొట్లంలో ఇంకో బజ్జీ మిగిలి ఉంది. అది తింటూ స్టేషన్ వైపు నడిచాడు.